పెట్టెలో పాత కోటు... తొడిగితే డాన్ ఫోజు!

మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో ఒక పాత ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఈసారి దాన్ని అడుగుదాకా తీసి చూడండి. పెళ్లినాటి పట్టుచీర, పిల్లల ఊలు టోపీలు, ఎవరివో పాత ఉత్తరాలు... వీటన్నిటి కింద బరువుగా, ముదురు రంగులో ఒక చలికోటు కనబడిందా? మోకాళ్ల దాకా పొడవు, ముందువైపు రెండు వరసల గుండీలు, ఛాతీ మీద చేటంత కాలరు. కనబడితే మీరు అదృష్టవంతులన్నమాటే.

అన్ని ఇళ్లల్లోనూ ఇలాంటిది ఉండదు. మిలటరీలో చేసి వచ్చినవారి ఇళ్లలో ఉంటుంది. గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం చేసినవారి ఇళ్లలో, బదిలీ మీద ఢిల్లీకో, కాన్పూరుకో వెళ్లి నాలుగేళ్లుండి వచ్చినవారి ఇళ్లలో ఉంటుంది. అది తాతగారి కోటు. ఆయన పోయాక ఎవరూ తొడగలేదు, ఎవరికీ పారేయబుద్ధీ కాలేదు.

ఇంతకాలం గుట్టుగా పడివున్న ఆ కోటుకి ఇప్పుడు రెండువైపుల నుంచీ గండం వచ్చిపడింది. ఒకవైపు వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లు" అని కేకేసుకుంటూ వచ్చే మనిషి. "ఈ చెత్తంతా ఇచ్చేస్తే ఒక స్టీలు డబ్బా అయినా వస్తుంది కదా" అనిపిస్తుంది మనకు. రెండోవైపు కాలేజీకి వెళ్లే మన పిల్లలు! "అమ్మా, ఇది భలే ఉందే, అచ్చం గ్యాంగ్‌స్టర్ కోటులా ఉంది" అంటూ తొడుక్కుని అద్దం ముందు నిలబడతారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. ఈ కాలం పిల్లలకు పాతే వింత!

ఏం చెయ్యాలి? డబ్బాకి మార్చుకోవాలా, పిల్లలకిచ్చెయ్యాలా? అది తేలాలంటే ముందు కోటు సంగతి కాస్త తెలుసుకోవాలి.

అనంతపురంలో కోటేమిటి?

"ఎండకు మాడిపోయే మన ఊళ్లో ఊలుకోటా?" అని నవ్వకండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మెట్టసీమ మనది. ఆ కరువే మన చలికి కూడా కారణం. గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బు తక్కువ. పగలు నేల ఎంత వేడెక్కుతుందో, రాత్రి ఆ వేడి అంత త్వరగానూ జారిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ చలి బాగానే పుడుతుంది. మడకశిర, హిందూపురం వైపు నేల ఇంకా ఎత్తు కాబట్టి అక్కడ మరీను. శెనక్కాయల కళ్లంలో కాపలా పడుకున్నవాళ్లను అడగండి, చెబుతారు.

ఆ చలికి మన సీమ కుట్టుకున్న కోటు ఒకటుంది. అదే కంబళి. నల్ల గొర్రెల ఊలు వడికి, కురుబలు మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచిన కంబళి. దాన్ని తలమీదుగా మడిచి ముసుగులా వేసుకుంటే చినుకు కూడా త్వరగా లోపలికి దిగదు. పగలు తలపాగా మీద మడత, మధ్యాహ్నం చెట్టుకింద పరుపు, రాత్రి దుప్పటి, వానలో గొడుగు. ఒక్క వస్తువుతో ఇన్ని పనులు! కంబళి కప్పుకుని గొర్రెల వెనక నడిచే మనిషిని దూరం నుంచి చూడండి. మామూలు మనిషే అయినా కొండంత కనబడతాడు.

తాతగారి కోటు రహస్యం కూడా అదే. ఊలు, బరువు, ఆకారం... ఈ మూడూ కలిస్తే సన్నటి మనిషికి కూడా నిండుతనం వస్తుంది.

ఆ ఠీవి ఎక్కడిది?

కోటుని ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. పైగుడ్డకీ, లోపలి అస్తరుకీ మధ్య ఏదో గట్టిగా తగులుతుంది. మంచి కోటైతే అది గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు గుడ్డ. దాన్ని దర్జీ చిన్న చిన్న కుట్లతో చేత్తో కుడతాడు. ఛాతీ దగ్గర కోటు మనిషి లేకపోయినా మనిషి ఉన్నట్టే నిలబడేది అందుకే. భుజాల్లో దూది పొరలు పెడతారు. కాలరు మడత వెడల్పుగా పెడతారు. ఈ మడతని దర్జీలు లాపెల్ అంటారు. అది వెడల్పయ్యేకొద్దీ నడుం సన్నగా, ఛాతీ విశాలంగా కనిపిస్తుంది. రెండు వరసల గుండీలు కూడా పొట్ట దగ్గర గుడ్డని రెండు పొరలు చెయ్యడానికే. చలిగాలి లోపలికి దూరకూడదని సైన్యంలో, ఓడల్లో పనిచేసేవాళ్లకు చేసిన ఏర్పాటు అది.

అంటే ఏమిటి? ఈ కోటుని కనిపెట్టింది రౌడీలు కాదు. చలిలో కాపలా కాసే సిపాయిలు, ఓడ నడిపే నావికులు. తర్వాత బ్యాంకు అధికారులు, డాక్టర్లు, ప్రొఫెసర్లు వేసుకున్నారు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండేది. ఆ కాలంలో చికాగో నగరంలో దొంగసారా వ్యాపారంతో లక్షలు గడించినవాళ్లు, తామూ పెద్దమనుషుల్లా కనబడాలని పెద్దమనుషుల కోట్లే కుట్టించుకున్నారు. వాళ్లలో అందరికంటే పేరుమోసిన అల్ కపోన్‌కి ఖరీదైన సూట్లు, కోట్లు, టోపీలంటే మహా మోజు. అంత వేషమూ వేసి చివరికి అతను 1931లో శిక్షపడి జైలుకెళ్లింది ఏ నేరానికో తెలుసా? ఆదాయపు పన్ను ఎగ్గొట్టినందుకు!

ఆ తర్వాత సినిమావాళ్లు ఊరుకుంటారా? హాలీవుడ్‌లో 1931, 1932 సంవత్సరాల్లో గ్యాంగ్‌స్టర్ సినిమాలు వరసగా వచ్చాయి. పొడవు కోటు, ముఖం మీదకి వంచిన టోపీ, నోట్లో సిగరెట్టు... ఇవి కనబడితే చాలు "వీడే డాన్" అని ప్రేక్షకులకు తెలిసిపోయేది. మన తెలుగులో 1966లో వచ్చిన కృష్ణ "గూఢచారి 116" తర్వాత అపరాధ పరిశోధన సినిమాలు ఊపందుకుని, కోటు, నల్లకళ్లద్దాలు హీరోలకీ విలన్లకీ కూడా అలవాటయ్యాయి. మద్రాసు ఎండలో, స్టూడియో లైట్ల వేడిలో ఆ కోట్లు తొడిగి నటించినవాళ్లను తల్చుకుంటే జాలేస్తుంది! ఈమధ్య 2018లో వచ్చిన "కె.జి.ఎఫ్." సినిమా మన పక్కనున్న కోలారు బంగారు గనుల పేరుతో వచ్చి, వెడల్పు కాలరు కోట్లను మళ్లీ మన కుర్రాళ్ల కళ్లముందు నిలబెట్టింది. ఇంగ్లండులో 2013లో మొదలైన "పీకీ బ్లైండర్స్" సీరియల్ పుణ్యమా అని టోపీ కూడా తోడైంది. మీ అబ్బాయి అద్దం ముందు నిలబడి కనుబొమ్మ ఎగరేస్తున్నాడంటే వీటిలో ఏదో ఒకటి చూశాడన్నమాట.

లేపాక్షిలో పాత కోట్లు

అంత దూరం చికాగో దాకా ఎందుకు, మన లేపాక్షికి వెళ్లండి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 దాకా అదంతా మన అనంతపురం జిల్లానే కదా. వీరభద్రస్వామి గుడి మండపంలో తలెత్తి కప్పు మీది చిత్రాలు చూడండి. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వేసినవి. మనం ఆడవాళ్లం అక్కడికి వెళ్తే చీరల అంచులూ, బుటాలూ చూసి మురిసిపోయి వచ్చేస్తాం. ఈసారి మగవాళ్ల దుస్తులు కూడా చూడండి. తలమీద నిటారుగా నిలబడ్డ పొడవాటి టోపీ, ఒంటిమీద పొడవు చేతుల అంగీ. ఆ టోపీ పేరు కుల్లాయి, అంగీ పేరు కబాయి. రెండు మాటలూ పారశీకం, అరబ్బీల నుంచి వచ్చినవే. విజయనగర దర్బారులో పెద్ద ఉద్యోగి అనిపించుకోవాలంటే ఈ వేషం కావాలి. గుడి కట్టించిన విరూపణ్ణ కూడా పెనుకొండలో రాయలవారి కోశాధికారి అని చెబుతారు.

అంతకు ముందు శతాబ్దంలో మన శ్రీనాథ కవి కన్నడ రాజ్యపు దర్బారుకి వెళ్లి, తలకి కుల్లాయి, ఒంటికి పెద్ద కూర్పాసం తగిలించుకోవలసి వచ్చిందని విసుక్కున్నట్టు ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. కూర్పాసం అంటే పైన తొడిగే కోటులాంటిదే. చూశారా, పరాయివాళ్ల వేషం వేసి పెద్దరికం తెచ్చుకోవడం, దాంతో ఉక్కపోతకు విసుక్కోవడం మనకు ఆరువందల ఏళ్ల నాటి అలవాటు!

ఒక తల్లి ఉత్తరం

ఇంతవరకూ సరదా. ఇప్పుడు సరదా కాని మాట ఒకటి. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా నాయన మిలటరీ కోటును మా అబ్బాయి పెట్టెలోంచి తీసినాడు. అది వేసుకుని, మీసం దువ్వి, బొమ్మ తుపాకీ పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. మా అత్తమ్మ చూసి తట్టుకోలేకపోయింది. 'ఈ రౌడీ వేషం మన ఇంట్లో వద్దు నాయనా, మేము చూసింది చాలు' అని ఏడ్చేసింది. ఆమె తమ్ముణ్ని ఫ్యాక్షన్ గొడవల్లో పోగొట్టుకున్న మనిషి. వాడిదేమో చిన్న ముచ్చట. నేను ఎవరి వైపు మాట్లాడేది?"

అమ్మా, మీరు రాసిన ఈ నాలుగు ముక్కల్లో మన సీమ ఆడవాళ్ల కథంతా ఉంది. మీ అత్తగారి భయాన్ని "ముసలాళ్ల చాదస్తం" అని కొట్టిపారేయకండి. కక్షలకు మగవాళ్లు బలైతే, ఆ తర్వాత ముప్ఫై, నలభై ఏళ్లు ఆ ఇంటిని మోసింది ఆడవాళ్లే. వాకిట్లో జీపు ఆగిన చప్పుడుకి గుండె ఆగినంత పని అయిన రోజులు వాళ్లవి. మనవడి చేతిలో బొమ్మ తుపాకీ అయినా ఆమెకు బొమ్మలా కనబడదు.

కానీ ఒక్క సంగతి గమనించండి. మన పల్లెల్ని భయపెట్టినవాళ్లు ఏనాడైనా నల్లకోటు వేసుకున్నారా? లేదే! మన దగ్గర భయం గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో తిరిగింది. తెల్లపంచె, మెడలో కండువా... అదే వేషంలో పెళ్లికీ వస్తారు, పంచాయతీకీ వస్తారు. 1999లో "సమరసింహారెడ్డి" తర్వాత వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో కూడా చూడండి, తెల్లబట్టలే. 1987 నాటి "నాయకుడు" సినిమాలో బొంబాయి డాన్‌కి కూడా తెల్లబట్టలే పెట్టారు. అంతమాత్రాన మనం తెల్లచొక్కాలను వెలివేశామా? మన బళ్లో మాస్టరుగారు వేసుకునేదీ అదే తెల్లచొక్కా కదా!

కాబట్టి గుడ్డది తప్పు లేదు, ఫోజుది తప్పు. 2018లో వచ్చిన "అరవింద సమేత" సినిమాలో కూడా ఈ కక్షల్ని ఆపే మాట ఇంట్లో ఆడవాళ్ల దగ్గర నుంచే రావాలన్నారు. ఆ మాట మీ ఇంట్లో మీరే చెప్పండి. అబ్బాయిని కూర్చోబెట్టి, "నాయనా, కోటు వేసుకో, అది నీ తాతది. తుపాకీ ఫోజు మాత్రం వద్దు, ఆ ఫొటో తీసెయ్. మీ అవ్వ తమ్ముడు ఎట్లా పోయినాడో నీకు తెలియాలి" అని చెప్పండి. వాడికి ఆ కథ ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. మనం పిల్లలకు చెప్పకుండా దాచిన కథల్ని సినిమావాళ్లు తమకు తోచినట్టు చెప్పేస్తారు!

అలాగే అత్తగారి పక్కన కూర్చుని ఆ కోటు ఆమె ఒళ్లో పెట్టండి. "ఇది మా నాయన చలిలో కాపలా కాసిన కోటు, జీతం మీద బతికిన మనిషి కోటు" అని చెప్పండి. చేత్తో తడిమి చూస్తే ఆమెకే తెలుస్తుంది. అప్పటికీ ఆమె మనసు ఒప్పుకోకపోతే ఆమె ముందు వెయ్యొద్దనండి. కోటు ఎక్కడికీ పోదు, కాస్త ఆగుతుంది.

అసలు సరుకేనా?

సరే, మీ చేతిలో ఉన్న కోటు మంచిదో కాదో తెలుసుకునే పద్ధతులు చూద్దాం.

ముందు లోపలి జేబు దగ్గర, మెడ కింద చీటీ వెతకండి. కాన్పూరు లాల్ ఇమ్లీ, పంజాబు ధారీవాల్, మన పక్కనున్న బెంగుళూరు బిన్నీ... ఇవి ఒకప్పుడు ఊలుగుడ్డకు పేరుపడ్డ మిల్లులు. వాటిలో లాల్ ఇమ్లీది 1876 నాటి పుట్టుక, బెంగుళూరు మిల్లుది 1884. ఇప్పుడా మగ్గాలు ఆడడం లేదు. అందుకని వాటి గుడ్డ మీ ఇంట్లో ఉంటే మళ్లీ దొరకని సరుకు ఉన్నట్టే.

చీటీ లేకపోతే చిన్న పరీక్ష చెయ్యండి. లోపలి కుట్టు దగ్గర ఒక దారం పీకి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో వెలిగించండి. అసలైన ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పుల్ల తీసేస్తే మంట దానంతటదే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. ఆ పూస వేడిగా ఉండగా ముట్టుకోకండి.

చివరగా భుజాలు చూడండి. చేతుల పొడవు తగ్గించవచ్చు, పక్క కుట్లు లోపలికి పట్టవచ్చు, కింద అంచు మడవవచ్చు. భుజం కుట్టు మాత్రం మనిషి భుజం ఎముక దగ్గరే ఆగాలి. భుజం సరిపడకపోతే ఆ మార్పు చాలా కష్టం, ఖర్చు కూడాను. చొక్కా మీద తొడిగే వస్తువు కాబట్టి రెండు వేళ్లు వదులున్నా ఫరవాలేదు.

శుభ్రం చేసే తీరు

ఎట్టి పరిస్థితిలోనూ బకెట్లో నానబెట్టకండి! వాషింగ్ మెషీన్ పేరే ఎత్తకండి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి కలిస్తే ఊలు ముడుచుకుపోతుంది, లోపలి కాన్వాసు ఉండలు కడుతుంది. ఆరడుగుల తాతగారి కోటు ఆరేళ్ల మనవడికి సరిపోతుంది!

* వెడల్పాటి హ్యాంగరుకి తగిలించి, నీడలో గాలి తగిలేచోట రెండు రోజులు ఉంచండి. పెట్టె వాసన చాలావరకూ పోతుంది. ఎండలో ఒక గంట చాలు. అంతకు మించితే రంగు వెలుస్తుంది.
* మెత్తటి బట్టల బ్రష్షుతో పైనుంచి కిందికి, ఒకే దిక్కుగా దులపండి. కాలరు కింద, జేబు మూతల కింద, కుట్ల సందుల్లో మరీ జాగ్రత్తగా చూడండి. పురుగు గుడ్లు పెట్టేది అక్కడే.
* కాలరుకి తలనూనె జిడ్డు ఉంటే ముఖానికి వేసుకునే పౌడరు గానీ, సుద్దపొడి గానీ చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున్నే దులిపెయ్యండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చెయ్యండి.
* ఆ తర్వాత తెలిసిన డ్రైక్లీనింగ్ షాపులో ఇవ్వండి. గుండీలు కొమ్ముతో చేసినవైతే ఆ సంగతి ముందే చెప్పండి.
* ఇస్త్రీ నేరుగా పెట్టకండి. పైన తడిగుడ్డ పరిచి, అద్దినట్టుగా చెయ్యండి. లేకపోతే నల్లకోటు మీద నిగనిగలాడే మరకలు పడతాయి.
* పురుగు కొట్టిన చిల్లులుంటే కంగారుపడకండి. కోటు లోపలి అంచులోంచే దారాలు తీసి, చిల్లు కనబడకుండా అల్లే రఫూ పనివాళ్లు పెద్ద ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

అస్తరుకి పట్టుచీర

పాత కోట్లలో మొదట చిరిగేది అస్తరే. దాన్ని మార్చేటప్పుడు ఒక ఆలోచన. ధర్మవరం పట్టుచీరలు మన అందరి ఇళ్లలోనూ ఉంటాయి. మడతల దగ్గర చిట్లిపోయి, కట్టుకోవడానికి పనికిరాక, ఇవ్వడానికి మనసు రాక దాచుకున్న చీర ఒకటైనా ఉండదూ? దానిలో గట్టిగా ఉన్న భాగం చూసి, వెనక సన్నటి నూలుగుడ్డ వేసి అస్తరుగా కుట్టించండి. పట్టు నున్నగా ఉంటుంది కాబట్టి చొక్కా మీద కోటు తేలిగ్గా జారుతుంది. జరీ అంచు మాత్రం తీసెయ్యండి, అది గీరుకుంటుంది. బయటికి తాతగారి నలుపు, లోపల అవ్వగారి చిలకాకుపచ్చ! మందపు గుడ్డ కాబట్టి మామూలు జాకెట్లు కుట్టే మెషీను మీద కుదరదు. కోట్లు కుట్టడం తెలిసిన పాత మాస్టరు దగ్గరికే వెళ్లండి.

ఎవరు వేసుకోవచ్చు?

అబ్బాయిలే వేసుకోవాలని ఏముంది? అమ్మాయిలకు ఇంకా బాగుంటుంది. విదేశీ పర్యటనల్లో ఇందిరాగాంధీ చీర మీద పొడవాటి కోటు వేసుకున్న ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఎంత హుందాగా ఉండేది! అమ్మాయి వేసుకుంటే చేతులు మణికట్టు దాకా తగ్గించి, నడుం దగ్గర పక్క కుట్లు కాస్త పట్టిస్తే చాలు. కింద సాదా రంగు చుడీదారో, ప్యాంటో ఉండాలి. కోటే పెద్ద హంగు కాబట్టి మిగతా హంగులు తగ్గించండి. టోపీ, నల్లకళ్లద్దాలు, మఫ్లరు మూడూ ఒకేసారి తగిలిస్తే నాటకాల కంపెనీ అనుకుంటారు.

మీ పిల్లలు చదువుకో, ఉద్యోగానికో చికాగో, న్యూజెర్సీ లాంటి చోట్లకు వెళ్తున్నారా? అయితే ఈ కోటు అక్కడ బంగారం. చికాగోలో జనవరిలో సున్నా డిగ్రీల కిందికి దిగడం మామూలే. కోటు రెండు మూడు కిలోలు తూగుతుంది కాబట్టి పెట్టెలో పెట్టకండి, విమానంలో చేతిమీద వేసుకోమనండి. ఆ మిగిలిన బరువుకి సరిపడా శెనక్కాయల పొడి, ఊరగాయ సర్దండి! అల్ కపోన్ ఊళ్లో మన కళ్యాణదుర్గం మిలటరీ తాత కోటు తిరిగిరావడం కంటే ముచ్చట ఏముంటుంది?

దాచేటప్పుడు జాగ్రత్త

చలికాలం అయిపోగానే మాసిన కోటును అలాగే పెట్టెలో తొయ్యకండి. ఊలును తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్లపురుగు. చెమట, కూర మరకలు ఉన్నచోటే అది ముందు కొరుకుతుంది. శుభ్రం చేయించి, పాత నూలు దుప్పట్లో చుట్టి దాచండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మపట్టి బూజు వస్తుంది. ఎండిన వేపాకు వేసినా, నెలకోసారి తీసి దులపడం మానకండి. అన్నిటికంటే మంచి మందు అదే.

నాఫ్తలీన్ గోళీలు వేసేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వాటిని గుడ్డలో మూటకట్టి, పిల్లలకు అందకుండా పెట్టండి. పిప్పరమెంటు బిళ్లలనుకుని పసివాళ్లు నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది. ఆ వాసన పట్టిన ఊలుబట్టల్ని చంటిబిడ్డలకు కప్పకండి. జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డలకు ఆ ఆవిరితోనే రక్తకణాలు పగిలి, కామెర్లు, రక్తహీనత రావచ్చు. బిడ్డకు ఆ లోపం ఉందని మనకు ముందుగా తెలియదు కదా! బాలింత ఇంట్లో ఉంటే గోళీల జోలికే పోకండి.

ఎవరికీ వద్దంటే...

మీ ఇంట్లో ఎవరికీ ఆ కోటు మీద ముచ్చట లేకపోతే, దాచి పురుగులపాలు చెయ్యడం కంటే ఇచ్చెయ్యడమే మంచిది. కానీ స్టీలు డబ్బాకి వద్దు. పాత ఊలుబట్టలు చాలావరకూ చివరికి హర్యానాలోని పానిపట్టు చేరతాయి. అక్కడ వాటిని చింపి, దారం తీసి, చవక దుప్పట్లు నేస్తారు. అదీ మంచిపనే అనుకోండి. అయినా నిండు కోటుని పీలికలు చెయ్యడం ఎందుకు? కరువుకు ఊరొదిలి బెంగుళూరు వెళ్లినవాళ్లు మన పల్లెల్లో ఎంతమంది లేరు! కట్టే భవనాల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లుంటారు. బెంగుళూరు చలి మన చలికంటే గట్టిది. మీ ఊరివాడే ఒకడు అలా ఉంటే అతనికి పంపండి. ఆ కోటు పుట్టిందే కాపలా కాసేవాడి కోసం. అతను తొడుక్కుంటే ఎవరికీ గ్యాంగ్‌స్టర్‌లా కనబడడు, వెచ్చగా ఉన్న మనిషిలా కనబడతాడు.

ఉంచుకునేవాళ్లు మాత్రం ఇంకొక్క పని చెయ్యండి. చిన్న తెల్లగుడ్డ ముక్క తీసుకుని, దానిమీద చెరగని ఇంకుతో ఈ కోటు ఎవరిది, ఏ ఊళ్లో ఏ పని చేసేటప్పుడు వేసుకున్నారు, ఏ ఏడాది కుట్టించారు... తెలిసినంత వరకూ రాసి, లోపలి జేబు దగ్గర నాలుగు కుట్లు వెయ్యండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. ఈ పనికి సూది, దారం, పది నిమిషాలు చాలు.